వేరే సీసా

క్యాసెట్ల షాపు రంజిత్ పోయాడన్న కబురు పొద్దున్నే బాన్సువాడ బజారంతా పాకిపోయింది. షాపు తెరవబోతూ కళ్లముందు తెల్లటి పొగ కమ్మిందని షట్టరు పట్టుకుని కూలబడ్డాడు. ఆటోలో దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది. గుండె ఆగిందని కొందరు, పురుగు కుట్టిందని కొందరు చెప్పుకున్నారు. అసలు సంగతి ప్రవీణ్‌కుమార్‌కు తెలుసు. రాష్ట్రమంతా మద్యనిషేధం నడుస్తున్న ఆ రోజుల్లో, తన పెళ్లి దగ్గరికొచ్చిందన్న సంబరంతో అతను ఇద్దరు స్నేహితులను వెంటేసుకుని ముందురోజు సాయంత్రం చాటుగదుల్లో తాగి తిరిగాడు. ఆ ఇద్దరిలో ఒకడు రంజిత్. రెండోవాడు జీపు డ్రైవరు తావుర్యా.

రంజిత్ శవాన్ని చూడ్డానికి పరుగెత్తుకొచ్చిన ప్రవీణ్‌కు దవాఖాన మెట్ల మీద తావుర్యా కనబడ్డాడు. భార్య ధర్మి భుజం గట్టిగా పట్టుకుని, కాలితో మెట్టు కోసం తడుముకుంటున్నాడు.

"తావుర్యా!"

"ఎవరు, ప్రవీణా?" అతను మొహం ఎటో తిప్పి అడిగాడు. "ఏం కనవడ్తలేదురా. అంత తెల్లగనే ఉంది, మంచు వడ్డట్టు."

మాఘమాసపు ఎండ మెట్ల మీద ఫెళ్లున కాస్తోంది. ప్రవీణ్ వెళ్లి రెండోపక్క చెయ్యి పట్టుకున్నాడు. తావుర్యా ఒళ్లు చల్లగా ఉంది. ఊపిరి మాత్రం పరుగెత్తినవాడిలా ఆయాసంగా వస్తోంది.

డాక్టర్ రాజేశ్వర్ అతన్ని మంచం మీద పడుకోబెట్టించి, కళ్లలోకి టార్చి వేసి చూశాడు. వేలు ముందుపెట్టి కదిలించాడు. తావుర్యా కళ్లు వేలితో కదల్లేదు. డాక్టరు సెలైను పెట్టమని నర్సుకు చెప్పి ప్రవీణ్ వైపు తిరిగాడు.

"పొద్దున పోయిన పిల్లగాడు, గీయన, ఒక్కతాన తాగిండ్రా?"

తాగినవాడి మీద కూడా కేసు పెట్టే కాలం. ఇంటి ముందు పందిరి గుంజలు పాతుతున్నారు. నస్రుల్లాబాద్‌లో పెళ్లికూతురు సిరీష వాళ్లింట్లో ఈ మాట తెలిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు.

"నేను పోలీసును కాదు తమ్మీ. ఏం తాగిండో తెలిస్తేనే నేను వైద్యం చెయ్యగల్గుత. నువ్వు గిట్లనే నిలబడితే సాయంత్రం దాకా ఈయన ఉండడు."

"చెప్పు అన్నా" అంది ధర్మి. అరవలేదు, ఏడవలేదు. "ఏం తాగిండ్రు మీరు?"

ఆమె ముఖంలోకి చూడలేక ప్రవీణ్ కిటికీ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

దీపాలు పెట్టే వేళకు ముగ్గురూ టెంటుహౌసు గోదాములో చేరారు. చుట్టిపెట్టిన జంపఖానాల మధ్య, దొంతర పెట్టిన కుర్చీల వెనక ఇంత చోటు. డోంగ్లి మీదుగా మహారాష్ట్ర నుంచి పాలక్యాన్లలో వచ్చిన సీసా అది. సీలు వాళ్ల కళ్లముందే తీశారు. ఒక్క సీసా ముగ్గురూ పంచుకున్నారు. పెళ్లి ఊరేగింపులో ఏ పాటలు మోగాలో చెప్పమని రంజిత్ ప్రవీణ్‌ను వేపుకుతిన్నాడు. వధువు పేరు వచ్చే పాట ఒక్కటైనా దొరక్కపోతే తనే కట్టి పాడతానన్నాడు. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. గ్లాసు ఖాళీ కాగానే తావుర్యా లేచాడు.

"ఇగ నేను పోతరా. ధర్మి చూస్తుంటది."

"కూసోరా. పెళ్లయినంక నన్ను గిట్ల ఎవలు తిరగనిస్తరు? నా కోసం ఇయ్యాల ఒక్కరోజు." ప్రవీణ్ అతని చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టాడు.

ఈ మాట దగ్గర ఆగి ప్రవీణ్ కిటికీ చువ్వ పట్టుకున్నాడు. ధర్మి రెప్ప వేయకుండా వింటోంది.

"తర్వాత?" అన్నాడు డాక్టరు.

తర్వాత రంజిత్ వాళ్లను బస్టాండు వెనక సందులో ఉన్న ఫోటో స్టూడియోకు తీసుకెళ్లాడు. బొంబాయి బారు మన ఊరికే వచ్చింది, చూద్దురు రండి అన్నాడు. కౌంటరులో కాశీరాం కూర్చుని ఉన్నాడు. బొంబాయి హోటళ్లలో ఏళ్ల తరబడి మందు కలిపి, వయసు మళ్లాక సొంతూరు చేరినవాడు.

"ఫోటోనా?" అని అడిగాడు.

"గ్రూప్ ఫోటో" అన్నాడు రంజిత్ కన్నుకొట్టి. "లైటు తక్కువుండాలె."

కాశీరాం ముగ్గురినీ వరసగా చూశాడు. ప్రవీణ్ దగ్గర అతని చూపు కాస్త ఆగింది. ఏమీ అనకుండా లేచి, పూలతోట బొమ్మ వేసిన పెద్ద పర్దా పక్కకు జరిపాడు. పర్దా వెనక తలుపు. తలుపు వెనక ఫోటోలు కడిగే చీకటిగది. ఎర్రబల్బు వెలుగుతోంది. చెక్కబల్ల, ఎత్తు స్టూళ్లు. వాళ్లు తప్ప ఎవరూ లేరు. కాశీరాం తెల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, గ్లాసులు గుడ్డతో తళతళలాడేలా తుడిచాడు. నిమ్మకాయలు పిండి, పుదీనా నలిపి, నల్ల ఉప్పు, పంచదార పాకం వేసి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి రెండు చేతులతో భుజం మీదుగా ఊపాడు. "కాక్‌టెయిల్ అంటరు సాబ్. బొంబాయిల సేట్లు తాగేది" అన్నాడు. నిమ్మకాయ షర్బత్‌కు గింత తమాషానా అని తావుర్యా నవ్వాడు. ఎర్రటి వెలుతురులో అన్ని గ్లాసులూ ఒక్క రంగులోనే కనిపించాయి. మళ్లీ పోయించుకున్నారు. మళ్లీ తాగారు.

"మూడు గ్లాసులూ ఒక్క డబ్బాలకెల్లే పోసిండా?"

"ఏమో సార్. అటు మళ్లి కలిపిండు."

డాక్టరు ప్రవీణ్ గడ్డం పట్టి పైకెత్తి అతని కళ్లలోకీ టార్చి వేశాడు. "నీకు కడుపునొప్పి? చూపు మసక?"

"ఏం లేదు."

"నువ్వు తక్కువ తాగినవా?"

"లేదు. అందరికంటె ఎక్కువే తాగిన."

"మరి నువ్వెట్ల నిలబడ్డవ్?"

పొద్దుట్నుంచీ అదే ప్రశ్న ప్రవీణ్ మనసులోనూ తిరుగుతోంది. కాని దాన్ని పైకి రానివ్వలేదు.

డాక్టరు అతన్ని వరండాలోకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "వాళ్లు తాగింది మందు కాదు. రంగులల్ల కలిపే స్పిరిట్. ఒంట్లకు పోయినంక విషమైతది. నిజామాబాద్‌కు ఫోన్ చేసిన, అంబులెన్సు బయల్దేరింది. అది వచ్చేదాకా ఈయన ఆగాలంటే ఒక్కటే దారి. సీలున్న అసలు మందు కావాలె. బ్రాందీ, విస్కీ, ఏదైనా సరే. అది లోపలికి పోతే ఈ విషం పని ఆగుతది. నా దగ్గర చుక్క లేదు. ఎవర్నీ అడగలేను కూడా. నీకు దొరికే జాగ ఎర్కుంటే ఇప్పుడే పో."

టెంటుహౌసుకు తాళం పడింది. రంజిత్ చావుతో ఊళ్లోని చాటుగదులన్నీ మూతబడ్డాయి. ప్రవీణ్ బండి తిప్పి స్టూడియో వెనక సందులోకి వెళ్లాడు. వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది. కాశీరాం గ్లాసులను పేపర్లో చుట్టి గోనెసంచిలో పెట్టుకుంటున్నాడు. ప్రవీణ్‌ను చూసి పైకి లేచాడు.

"నువ్వు మంచిగున్నవా చిన్నసారూ? అమ్మయ్య."

ప్రవీణ్ అతని కాలర్ పట్టి గోడకు అదిమాడు. "నేనెందుకు మంచిగున్ననో చెప్పు."

"నీ గ్లాసుల వేరే సీసా పోసిన."

"ఎందుకు?"

"యజమాని కొడుక్కు గా సరుకు ఎట్ల పోస్త సారూ?"

ప్రవీణ్ చెయ్యి సడలింది. కాశీరాం కాలర్ సవరించుకుంటూ, ఇంక దాచి లాభం లేదన్నట్టు చెప్పేశాడు. "బోర్డు నాది, కెమెరా నాది. పర్దా ఎనుకున్నదంత మీ నాయినది. నీకు ఎర్కలేదని నిన్న నీ మొహం చూస్తనే సమజైంది."

"అబద్ధం."

"మొన్న డోంగ్లికాడ పాలబండి పోలీసులకు దొరికింది. సరుకు రాలె. నిన్న పొద్దున మీ నాయిన నీలం డ్రమ్ము పంపిండు. మూత తీస్తే రంగుల దుకాణం వాసన. గిది మంచిగలేదు సారూ అని ఫోన్ చేసిన. నిమ్మకాయ ఎక్కువ పిండు, బొంబాయిల నేర్చింది గదే గదా అన్నడు."

రంజిత్ గొంతు పట్టుకుని, మండుతోందిరా అన్నది ప్రవీణ్‌కు గుర్తొచ్చింది. నాకేం మంటలేదు, నీకే నాజూకు ఎక్కువైంది అని తను వెక్కిరించాడు. రంజిత్ రోషంతో మిగతాది గటగటా తాగేశాడు.

"నీకు అనుమానమున్నది. అందుకే నాకు వేరే పోసినవ్. మరి ఆళ్లకు?"

కాశీరాం తల వంచుకున్నాడు. "కడుపునొప్పి లేస్తదేమో అనుకున్న. సచ్చిపోతరనుకోలె. మీరు పోయినంక భయమైంది, ఇంకెవ్వలకు పొయ్యలె. షట్టరు దించేసిన."

అతన్ని కొట్టాలని ప్రవీణ్ చెయ్యెత్తాడు. కాని తావుర్యా అక్కడ మంచం మీద ఎగశ్వాస తీస్తున్నాడు. "సీలున్న సీసా ఒక్కటియ్యి. తావుర్యా బతకాలె."

"ఉన్న ఒక్కటీ నీకే పోసిన. పెద్దోళ్లు వస్తే ఇయ్యటానికి దాచినవన్నీ మీ ఇంటి ఎనుక ఎరువుల గోదాంల ఉన్నయ్. చావి మీ నాయినతానే ఉంటది."

ప్రవీణ్ వాళ్ల ఇల్లు కాలవ గట్టు మీది క్యాంపులో ఉంది. కాలవకు కొత్తగా నీళ్లు వచ్చిన కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్న తాత కట్టిన ఇల్లు. ముంగిట్లో కూలీలు పందిరి గుంజలు పాతుతున్నారు. వంటింటి నుంచి పాకం వాసన వస్తోంది. తండ్రి జగన్మోహనరావు వరండాలో కుర్చీ వేసుకుని పని చూస్తున్నాడు. ఊళ్లో మద్యనిషేధ కమిటీకి ఆయనే అధ్యక్షుడు.

"నాన్నా, ఎరువుల గోదాం తాళంచెవి ఇవ్వు."

"ఎందుకురా ఇప్పుడు?"

"సీలున్న సీసా కావాలి."

జగన్మోహనరావు కూలీల వైపు ఒకసారి, వంటింటి వైపు ఒకసారి చూశాడు. "లోపలికి రా."

"రాను. రంజిత్ చచ్చిపోయాడు. తావుర్యాకి చూపు పోయింది. ఇంకాసేపైతే మనిషే పోతాడు. వాళ్లు తాగింది నీ డ్రమ్ములోది."

"ఎవడు చెప్పాడు? కాశీరామా?"

"కాదని చెప్పు నాన్నా. నువ్వు చెబితే నమ్ముతా."

ఆయన ఆ మాట చెప్పలేదు. కొడుకును తల నుంచి కాళ్లదాకా చూసి, "నువ్వక్కడికి పోతావని నాకెట్లా తెలుస్తుందిరా?" అన్నాడు.

"నేను పోకపోతే ఫర్వాలేదా?"

"చంపాలని ఎవడు పంపుతాడు? నీళ్లు కలిపితే సరిపోద్దన్నారు, నమ్మాను. ఊరు తాగడం మానిందా? నేను పొయ్యకపోతే ఇంకొకడు పోస్తాడు." ఆయన మెల్లగా తేరుకున్నాడు. "విను. ఇప్పుడు ఆ సీసా బయటికి పోతే, ఎక్కడిదని అడుగుతారు. అడిగినవాడు గోదాందాకా వస్తాడు. నేను జైలుకు పోతా. నీ పెళ్లి ఆగిపోద్ది. నా జీపు ఇస్తా, తావుర్యాని నిజామాబాద్ తీసుకుపో."

"అందాకా వాడు ఆగడు, డాక్టరే చెప్పాడు."

"అయితే వాడి రాత."

వంటింటి గుమ్మంలో తల్లి హనుమాయమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు. చేతులకు బియ్యప్పిండి. సారా ఉద్యమం రోజుల్లో ఆమె నస్రుల్లాబాద్ సారా దుకాణం ముందు తండా ఆడవాళ్లతో కలిసి బైఠాయించింది. ధర్మి కట్టుకొచ్చిన జొన్నరొట్టెలే తిన్నది. వాళ్లకు ఎండ తగలకుండా షామియానా వేయించినవాడు జగన్మోహనరావు.

"ధర్మి మొగుడా?" అని మాత్రం అడిగింది.

"అవునమ్మా."

భర్త ఎదుటికొచ్చి ఆమె చెయ్యి చాపింది. "తాళంచెవి."

"నీకేం తెలీదు. లోపలికి పో."

హనుమాయమ్మ రెండోసారి అడగలేదు. మెట్లు దిగి, గుంజలు పాతుతున్న కూలీ చేతిలోంచి గునపం తీసుకుంది. ఇంటి వెనక్కి నడిచి గోదాం తాళం మీద కొట్టింది. దెబ్బ జారి గడియ వంగింది. మళ్లీ కొట్టింది. వంటింట్లో ఆడవాళ్లు పని ఆపి బయటికొచ్చారు. జగన్మోహనరావు మాత్రం వరండా దాటి రాలేదు. ప్రవీణ్ గునపం అందుకుని గడియ సందులో దూర్చి పెళ్లగించాడు.

యూరియా బస్తాల వెనక అట్టపెట్టెలున్నాయి. వాటి పక్కనే గోడవారగా నీలం డ్రమ్ములు నిలబడి ఉన్నాయి. హనుమాయమ్మ వాటిని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రవీణ్ ఒక సీసా తీసి చొక్కాలోపల దోపుకున్నాడు.

"నువ్వు పో. ఇవి ఇక్కణ్ణుంచి కదలకుండా నేను చూసుకుంటా" అంటూ ఆమె డ్రమ్ములకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

దవాఖానలో డాక్టర్ రాజేశ్వర్ సీలు చూసి, వాసన చూసి, కొలిచి నీళ్లలో కలిపాడు. గ్లాసు దగ్గరికి రాగానే తావుర్యా తల పక్కకు తిప్పేసుకున్నాడు.

"వద్దు... గా వాసన వద్దు."

ధర్మి డాక్టరు చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఇంట్లో మందు కనిపిస్తే వీధిలో పారబోసిన మనిషి. మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, పసివాడికి పట్టినట్టు కొద్దికొద్దిగా నోట్లో పోసింది. "తాగు. నేనే తాపుతున్న గదా, తాగు." కొంచెం గడిచాక అతని ఊపిరి కాస్త నిదానించింది.

"అంబులెన్సు వచ్చేదాకా ఆగుతడు" అన్నాడు డాక్టరు. "కండ్ల సంగతి నేను చెప్పలేను."

ప్రవీణ్ గోడకు చేరగిలబడ్డాడు. అప్పుడే బయట జీపు ఆగింది. అంబులెన్సు కాదు. జగన్మోహనరావు తెల్లటి పంచె సర్దుకుంటూ వార్డులోకి వచ్చాడు. ఆయన వెనక స్టేషను నుంచి ఏఎస్సై.

"డాక్టరుగారూ, ఆ సీసా నాదే" అన్నాడు నిబ్బరంగా. "ఒంట్లో బాగోక పర్మిట్ మీద తెచ్చుకున్నది. కబురు తెలియగానే నేనే అబ్బాయికిచ్చి పంపా. తావుర్యా మా ఇంట్లో పిల్లాడి లాంటోడు. అవసరమైతే హైదరాబాద్ తీసుకుపోదాం. అంతా నేను చూసుకుంటా."

"కాశీరాంగాని కోసం మనుషులను పంపినం" అన్నాడు ఏఎస్సై, కాగితం తీసి రాసుకుంటూ. "స్టూడియో వాని పేరు మీదనే ఉందట."

ధర్మి మొగుడి తలను దిండు మీదికి మెల్లగా దించి లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, జగన్మోహనరావు ముందుకొచ్చి వంగింది. "మా దేవునివి సారూ. నువ్వు ఇయ్యకపోతే ఈయన దక్కకపోతుండె."

ఆమె చేతులు ఆయన పాదాలను తాకకముందే ప్రవీణ్ వచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు.

"ధర్మీ, లే. ఆయన కాళ్లు మొక్కకు."

ఏఎస్సై రాయడం ఆపి తలెత్తాడు. జగన్మోహనరావు కొడుకు చెవి దగ్గరకు వంగి, అతనికి మాత్రమే వినబడేలా అన్నాడు.

"ఆ గోదాం మీ అమ్మ పేరు మీదుంది. ఇప్పుడు ఆ డ్రమ్ముల దగ్గర కూర్చున్నది కూడా ఆమే. ఆలోచించుకుని మాట్లాడు."

ధర్మి సగం వంగినదల్లా అలాగే ఆగి, తండ్రినీ కొడుకునూ మార్చి మార్చి చూసింది. మంచం మీద తావుర్యా, గొంతు వినబడిన వైపుకు చూపులేని కళ్లు తిప్పాడు.

"ఏందిరా ప్రవీణా, గట్లంటవ్? ఎందుకు మొక్కొద్దు?"